పేర్లు లేని బ్యాలెట్, ఆరు గంటల పోలింగ్, 150 మంది ఓటర్ల వార్డు.. పంచాయతీ ఎన్నికల రూల్స్ ఎవరికి మేలు చేస్తున్నాయి?

తెలంగాణలో పంచాయతీ ఎన్నికల సందడి ముగిసింది. డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా పోలింగ్ జరిగింది. డిసెంబర్ 22న కొత్త సర్పంచ్‌లు, వార్డు సభ్యులు ప్రమాణం చేసి కుర్చీల్లో కూర్చున్నారు. మూడు విడతల్లోనూ పోలింగ్ 84 శాతం దాటింది. హైదరాబాద్‌లో సగం మంది కూడా ఓటేయని ఎన్నికలు చూసినవాళ్లకు ఈ అంకె ఆశ్చర్యంగానే ఉంటుంది. ఎవరు గెలిచారు, ఏ పార్టీకి ఎన్ని అనే చర్చ ఎలాగూ నడుస్తోంది. అసలు చర్చ జరగాల్సింది ఇంకో విషయం మీద. ఈ ఎన్నికలు నడిచిన రూల్స్ గురించి.

అసెంబ్లీ ఎన్నికలకు, పంచాయతీ ఎన్నికలకు రూల్స్ ఒకటే అనుకుంటారు చాలామంది. కానే కావు. ఎన్నికలు పెట్టే సంస్థే వేరు. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు కేంద్ర ఎన్నికల సంఘం చూస్తే, పంచాయతీలు, మున్సిపాలిటీలు రాజ్యాంగంలోని 243కె అధికరణ ప్రకారం రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంటాయి. ఈవీఎం ఉండదు, బ్యాలెట్ పేపరే. పార్టీ గుర్తులు ఉండవు. ఇంకో విచిత్రం ఏంటంటే, బ్యాలెట్ మీద అభ్యర్థి పేరు కూడా ఉండదు.

ఉంగరం వర్సెస్ కత్తెర

సర్పంచ్ ఓటుకు గులాబీ రంగు బ్యాలెట్, వార్డు సభ్యుడి ఓటుకు తెల్ల బ్యాలెట్ ఇస్తారు. రెండింటి మీదా గుర్తులు మాత్రమే కనిపిస్తాయి, చివర్లో నోటా. సర్పంచ్ గుర్తుల వరుసలో మొదటిది ఉంగరం, రెండోది కత్తెర. నామినేషన్లు విత్‌డ్రా చేసుకునే గడువు ముగిశాక బరిలో మిగిలినవాళ్ల పేర్లను తెలుగు అక్షరమాల క్రమంలో పేర్చి, ఆ వరుసలోనే గుర్తులు కేటాయిస్తారు. దాంతో ఇద్దరే పోటీలో ఉన్న ప్రతి ఊళ్లోనూ పోరు ఉంగరానికీ కత్తెరకే. జోగులాంబ గద్వాల జిల్లాలో అయినా, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో అయినా అదే సీన్.

పేర్లు ఎందుకు వేయరు? కారణం చాలా సింపుల్. టైమ్ సరిపోదు. తొలి విడతనే తీసుకుంటే నామినేషన్ల ఉపసంహరణ గడువు డిసెంబర్ 3, పోలింగ్ డిసెంబర్ 11. మధ్యలో ఎనిమిది రోజులు. 4 వేలకు పైగా సర్పంచ్ స్థానాలు, వాటి కింద వేల కొద్దీ వార్డులు. ఒక్కో వార్డుకు వేరే పేర్లతో బ్యాలెట్ డిజైన్ చేసి, ప్రింట్ చేసి, ప్రూఫ్ చూసి పంపడం జరిగే పని కాదు. అదే గుర్తుల వరుస ముందే ఖరారైతే ఇద్దరు అభ్యర్థుల బ్యాలెట్, ముగ్గురి బ్యాలెట్, నలుగురి బ్యాలెట్ అని ముందే ముద్రించి పెట్టుకోవచ్చు. ఎన్ని కావాలో అన్ని లెక్కపెట్టి పంపిస్తే చాలు.

ఈ పద్ధతిలో ఒక లాభం కూడా ఉంది. ప్రత్యర్థి పేరే ఉన్న మరో మనిషిని వెతికి తెచ్చి నామినేషన్ వేయించే పాత ట్రిక్కు ఇక్కడ పెద్దగా పని చేయదు. బ్యాలెట్‌లో పేరే లేనప్పుడు కన్‌ఫ్యూజ్ చేయడానికి ఏముంటుంది! కాకపోతే ఉపసంహరణ తర్వాత ప్రచారానికి మిగిలే ఆ కొద్ది రోజుల్లో అభ్యర్థి చేయాల్సిన మొదటి పని తన గుర్తును ఇంటింటికీ గుర్తుచేయడం. ఊరికి ఏం చేస్తాననేది ఆ తర్వాతి మాట. డోర్ టు డోర్ తిరిగే అభ్యర్థి చేతిలో మేనిఫెస్టో కన్నా కత్తెర బొమ్మే ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

ఇంకో సంగతి. గుర్తుల మీద పార్టీ లేదు కాబట్టి ఎన్నికల సంఘం ప్రకటించే ఫలితాల్లోనూ పార్టీ ఉండదు. "మాకిన్ని, వాళ్లకిన్ని" అని ప్రతి పార్టీ చెప్పుకునే లెక్కలకు అధికారిక ముద్ర లేదు. టీవీ స్క్రీన్ మీద పరుగులు పెట్టే పార్టీల టాలీ కూడా స్థానిక రిపోర్టర్లు, పార్టీలు చెప్పినదాన్ని బట్టి వేసుకున్నదే. గెలిచినవాడు మర్నాడు కండువా మారిస్తే ఆ లెక్క మారుతుంది. పార్టీ గుర్తు మీద గెలవలేదు కాబట్టి ఎవరూ అడగలేరు.

మధ్యాహ్నం ఒంటిగంటకే క్లోజ్

తెలంగాణలో పోలింగ్ ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 వరకే. ఒంటిగంటకు క్యూలో ఉన్నవాళ్లకు మాత్రం ఓటేసే ఛాన్స్ ఇస్తారు. 2 గంటలకు కౌంటింగ్ మొదలవుతుంది. సాయంత్రానికి సర్పంచ్ ఎవరో తేలిపోతుంది. ఆ రోజే వార్డు సభ్యులతో మీటింగ్ పెట్టి ఉప సర్పంచ్‌ను కూడా ఎన్నుకుంటారు. మొత్తం ప్రాసెస్ ఒక్క పూటలో పూర్తి.

పక్క రాష్ట్రంలో 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు నాలుగు విడతల్లో జరిగినప్పుడు సాధారణ ప్రాంతాల్లో ఉదయం 6.30 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఓటింగ్ పెట్టారు. అంటే తొమ్మిది గంటలు. కౌంటింగ్ సాయంత్రం మొదలై చాలా చోట్ల రాత్రి దాకా సాగింది. లైట్ల వెలుగులో రీకౌంటింగ్ గొడవలూ జరిగాయి. ఆ ఇబ్బంది తెలంగాణలో తక్కువ. అయితే ఆరు గంటల్లో ఓటేయాలంటే ఉదయం పొలం పనికి, కూలికి వెళ్లే మనిషి ఆ రోజు పని మానుకోవాల్సిందే. హైదరాబాద్ నుంచో, భీవండి నుంచో, సూరత్ నుంచో ఓటు కోసం వచ్చే వలస కూలీ ముందు రోజే ఊరు చేరాలి. అక్కడే అభ్యర్థుల ఖర్చుతో వచ్చే బస్సులు, కార్లు ఎంటరవుతాయి. టైమ్ తగ్గేకొద్దీ ఓటరును తీసుకొచ్చేవాడి మాట చెల్లుబాటు పెరుగుతుంది. ఇది రూల్ పుస్తకంలో కనిపించని లెక్క.

ఖర్చు పరిమితి సంగతి చెప్పనే అక్కర్లేదు. 5 వేలకు పైగా జనాభా ఉన్న పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థి రెండున్నర లక్షలు, అంతకంటే చిన్న పంచాయతీలో లక్షన్నర మించి ఖర్చు పెట్టకూడదు. వార్డు సభ్యుడికి 50 వేలు, 30 వేలు. ఫలితాలు వచ్చిన 45 రోజుల్లో లెక్కలు ఇవ్వాలి, ఇవ్వకపోతే అనర్హత. పండగకు ఊరెళ్లినవాళ్లు ఈ అంకెలు చదివి ఒకసారి తమ ఊళ్లో జరిగింది గుర్తు చేసుకుంటే సరిపోతుంది.

రహస్య ఓటు.. నిజంగా రహస్యమేనా?

అన్నిటికంటే సీరియస్ పాయింట్ ఇది. నవంబర్ 25న షెడ్యూల్ ఇచ్చినప్పుడు ఎన్నికల సంఘం చెప్పిన లెక్క ప్రకారం రాష్ట్రంలో 12,728 సర్పంచ్ స్థానాలు, 1,12,242 వార్డులు, సుమారు 1.66 కోట్ల గ్రామీణ ఓటర్లు. భాగిస్తే ఒక్కో వార్డుకు సగటున 148 మంది ఓటర్లు. 85 శాతం పోలైతే పడేవి 125 ఓట్లు. 2018లో 500 జనాభా దాటిన తండాలను, గూడేలను కూడా పంచాయతీలు చేశారు. అలాంటి చోట్ల వార్డుల్లో అంతకంటే తక్కువే ఉంటారు.

125 ఓట్లంటే ఓ 35, 40 ఇళ్లు. వార్డు బ్యాలెట్లు ఆ వార్డుకే లెక్కపెడతారు, తప్పదు కూడా. టేబుల్ ముందు అభ్యర్థుల ఏజెంట్లు కూర్చుని ఉంటారు. తమ ఖాతాలో వేసుకున్న 80 ఓట్లలో 62 వచ్చాయంటే, తగ్గిన 18 ఎవరివో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఏ ఇంటివాళ్లు ప్రచారానికి రాలేదో, ఎవరు పక్కవాళ్ల దావత్‌కు పోయారో ఊరందరికీ తెలుసు. ఈసారి ఫలితాల తర్వాత ఓడిన అభ్యర్థులు ఇంటింటికీ తిరిగి పంచిన డబ్బు వాపస్ అడిగారనే వార్తలు పలు జిల్లాల నుంచి వచ్చాయి. అవి చూసి సోషల్ మీడియాలో నవ్వుకున్నారు. కానీ ఆ గుమ్మం ముందు నిలబడ్డ ఇంటివాళ్లకు అది నవ్వులాట కాదు. ఓటు ఎవరికి వేశామో ప్రమాణం చేయాల్సిన పరిస్థితి. రేపు పింఛన్ దరఖాస్తుకో, ఇందిరమ్మ ఇంటి జాబితాలో పేరు కోసమో ఆ మనుషుల దగ్గరికే పోవాలి.

పోలింగ్ కేంద్రం దగ్గర ప్రచారం చేయకూడదని రూల్ ఉంది. పోలింగ్ ముగియడానికి 44 గంటల ముందే మైకులు, మద్యం బంద్. ఓటింగ్ కంపార్ట్‌మెంట్‌కు అట్ట అడ్డం పెడతారు. ఇవన్నీ ఓటు వేసే క్షణాన్ని కాపాడతాయి. లెక్కపెట్టే క్షణాన్ని కాపాడే రూల్ వార్డు స్థాయిలో లేదు. నాలుగైదు వార్డుల ఓట్లు కలిపి లెక్కిద్దామంటే ఒక్కో వార్డుకు వేరే అభ్యర్థులు. వార్డుల సైజు పెంచితే కొంత నయం, కానీ అప్పుడు చిన్న కులాలకు, తండాలకు దక్కే ఆ ఒక్క వార్డు సీటు కూడా పోతుంది. తేలిగ్గా తేలే చిక్కు కాదిది.

ఏకగ్రీవం అంటే నోటాకు కూడా ఛాన్స్ లేదు

ఈసారి మూడు విడతల్లో కలిపి సుమారు 1,200 పంచాయతీలు ఏకగ్రీవమయ్యాయి. కొన్ని నిజంగానే ఊరంతా కూర్చుని మాట్లాడుకున్నవి. కొన్ని గుడి కడతాననో, బొడ్రాయి పండగ చేయిస్తాననో లక్షల్లో పాట పాడి దక్కించుకున్నవి. వేలం వేస్తే చర్యలు తప్పవని ఎన్నికల సంఘం హెచ్చరించినా, ఊళ్లో ఫిర్యాదు చేసేవాడు ఎవరు? మరోవైపు ప్రభుత్వాలే ఏకగ్రీవాలకు నజరానాలు ప్రకటించిన చరిత్ర ఉంది. 2021లో ఏపీ ప్రభుత్వం జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల వరకు ఇస్తామని ప్రకటనలు ఇస్తే, అప్పటి ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ దానిపై గట్టిగానే అభ్యంతరం చెప్పారు.

ఒక్క నామినేషనే మిగిలితే పోలింగ్ ఉండదు. బ్యాలెట్ మీద నోటా ఉన్నా దాన్ని వాడుకునే అవకాశమే రాదు. మహారాష్ట్ర, హర్యానా ఎన్నికల సంఘాలు 2018లో స్థానిక ఎన్నికల్లో నోటాను కూడా ఒక అభ్యర్థిలా లెక్కించాలని, అందరికంటే నోటాకే ఎక్కువ వస్తే మళ్లీ ఎన్నిక పెట్టాలని ఆదేశాలిచ్చాయి. తెలుగు రాష్ట్రాల్లో ఆ దాకా వెళ్లలేదు. ఇంకోవైపు రిజర్వేషన్ కేటగిరీలో అర్హులైన మనిషే లేక నామినేషన్ ఒక్కటీ పడని ఊళ్లు కూడా ఈసారి ఉన్నాయి. ఆ ఊళ్లకు సర్పంచ్ ఇంకా లేడు.

చెక్కు మీద రెండు సంతకాలు

ఉప సర్పంచ్ పదవికి ఇంత గిరాకీ ఏంటని బయటివాళ్లకు డౌట్ రావచ్చు. 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్‌కు జాయింట్ చెక్ పవర్ ఇచ్చింది. సర్పంచ్‌ను ఊరంతా నేరుగా ఎన్నుకుంటే, ఉప సర్పంచ్‌ను వార్డు సభ్యులు చేతులెత్తి ఎన్నుకుంటారు. సర్పంచ్ ఒక వర్గం, వార్డుల్లో మెజారిటీ ఇంకో వర్గం అయితే మోరీ రిపేర్ బిల్లు దగ్గర్నుంచి వీధి లైట్ల బిల్లు వరకు ఏ చెక్కూ కదలదు. ఫలితం వచ్చిన గంటలోనే వార్డు మెంబర్లను కార్లలో ఎక్కించుకుని పోయే హడావుడి అందుకే.

డబ్బు విషయానికొస్తే, ఈ ఎన్నికలు ఇప్పుడైనా జరగడానికి పెద్ద కారణం అదే. పాత పాలకవర్గాల గడువు 2024 జనవరి చివరికే ముగిసింది. ఐదేళ్లు పూర్తయ్యేలోపే కొత్త ఎన్నికలు పూర్తి కావాలని 243ఈ అధికరణ చెబుతోంది. గడువు దాటించడానికి వీల్లేదని కిషన్ సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే స్పష్టం చేసింది. అయినా దాదాపు 23 నెలలు ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది. ఎన్నికైన పాలకవర్గం లేకపోవడంతో 15వ ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయాయి. ఆ సంఘం గడువు 2026 మార్చి 31తో ముగుస్తుంది. ఎన్నికలు పెట్టకపోతే సుమారు 3 వేల కోట్లు చేజారుతాయని ప్రభుత్వమే చెప్పింది.

హైకోర్టు జూన్ 25న ఇచ్చిన తీర్పులో సెప్టెంబర్ 30లోగా ఎన్నికలు పూర్తి చేయాలంది. సెప్టెంబర్ 26న బీసీలకు 42 శాతం రిజర్వేషన్లతో జీవో 9 వచ్చింది. అక్టోబర్ 9న హైకోర్టు స్టే ఇచ్చింది, వారం తర్వాత సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. చివరికి మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటకుండా కొత్త జాబితా తయారు చేసి డిసెంబర్‌లో పోలింగ్ పెట్టారు. ఇక్కడ ఎన్నికల సంఘం చేయగలిగింది చాలా తక్కువ. రిజర్వేషన్ల జాబితా ఇచ్చేది ప్రభుత్వం, సిబ్బందిని ఇచ్చేది ప్రభుత్వం. జాబితా చేతికి రాకుండా కమిషనర్ నోటిఫికేషన్ ఇవ్వలేరు. గడువు దాటినందుకు ఎవరి మీదా చర్య ఉండదు. లెక్కలు 45 రోజుల్లో ఇవ్వని వార్డు మెంబర్ మీద మాత్రం అనర్హత వేటు ఉంటుంది!

ఇదే కథ ఇంకా మిగిలే ఉంది. తెలంగాణలో ఎంపీటీసీ, జడ్పీటీసీల గడువు 2024 జూలైలో ముగిసింది, ఎక్కువ మున్సిపాలిటీల గడువు 2025 జనవరిలో అయిపోయింది. ఏపీలో 2021లో గెలిచిన సర్పంచ్‌ల పదవీకాలం 2026 ఏప్రిల్ మొదట్లో పూర్తవుతుంది. అక్కడ ఇద్దరు పిల్లల నిబంధనను 2024 నవంబర్‌లోనే ఎత్తేశారు, తెలంగాణ కూడా ఈ ఎన్నికలకు ముందు ఎత్తేసింది. కాబట్టి ఇన్నాళ్లూ మూడో సంతానం ఉందని పోటీకి దూరంగా ఉన్నవాళ్లంతా ఈసారి లైన్‌లో ఉంటారు. పోలింగ్ టైమ్ తొమ్మిది గంటలా, ఆరు గంటలా అన్నది ఏపీ ఎన్నికల సంఘం నోటిఫికేషన్ వచ్చాకే తెలుస్తుంది.