దవడ ఎముక పెంచే ఆపరేషన్ – అమ్మకి కావలసింది ఓపిక

పోయినేడు ఓ సాయంత్రం మా ఎల్బీ నగర్‌లో వెనకింటావిడ కరివేపాకు కోసం వచ్చి, కూర్చుని కన్నీళ్లు పెట్టుకుంది. వాళ్ల పాపకి తొమ్మిదేళ్లు. మూడేళ్లప్పుడు మెట్ల మీంచి పడి గడ్డానికి దెబ్బ తగిలింది. పసుపు అద్ది ఊరుకున్నారు. తర్వాత చెవి దగ్గర దవడ కీలు అతుక్కుపోయి, నోట్లో వేలు కూడా పట్టని స్థితి వచ్చింది. కింది దవడ ఎదగలేదు. రాత్రిళ్లు గురక, ఊపిరాడక ఉలిక్కిపడి లేవడం. దవడ పెంచే ఆపరేషన్ చెయ్యాలన్నారట. "ఆడపిల్ల మొహం మీద కత్తి పెట్టనివ్వమంటావా వదినా?" అంది.

అందం కోసమైతే ఆలోచించొచ్చు గానీ, ఇది ఊపిరి సంగతి కదా!

ఎముకని కోసి, రెండు ముక్కలకీ మరలున్న పరికరం బిగిస్తారు. అయిదారు రోజులాగి, రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున మర తిప్పుతారు. మధ్య ఖాళీలో కొత్త ఎముక పుడుతుంది. కాళ్లు పొడుగు చేసే ఈ పద్ధతిని రష్యాలో ఇలిజరోవ్ కనిపెడితే, 1992లో న్యూయార్క్ డాక్టర్ మెకార్తీ బృందం నలుగురు పిల్లల దవడలకి చేసిన వివరాలు ప్రకటించింది.

చిక్కులూ ఉన్నాయి. తొందరపడి తిప్పితే ఎముక గట్టిపడదు, ఆలస్యమైతే ముందే అతుక్కుపోతుంది. పిన్నుల దగ్గర చీము పట్టొచ్చు, మచ్చ పడొచ్చు, కింది పెదవి తిమ్మిరెక్కొచ్చు, రాబోయే పళ్ల మొగ్గలు దెబ్బతినొచ్చు, పైపళ్లూ కిందిపళ్లూ కలవకపోవచ్చు. ఎదిగే పిల్లలకి మళ్లీ చెయ్యాల్సీ రావచ్చు. ఇవన్నీ ముందే అడిగి తెలుసుకోండి.

పాపకి ఆరో రోజున చీము పట్టింది, మందులతో తగ్గింది. పెదవి మూడు నెలలు మొద్దుబారింది. వాళ్లమ్మే పొద్దునా సాయంత్రం మర తిప్పింది. ఎముక గట్టిపడ్డాక, నెలలు గడిచి పరికరం తీశారు. కీలు విడదీసే ఆపరేషన్ తర్వాత చేశారు. నోరు తెరిచే వ్యాయామం ఏడుస్తున్నా మానకూడదు, మానితే కీలు మళ్లీ బిగుసుకుంటుంది. గడ్డం కాస్త ఓ పక్కకి ఉన్నా, ఇప్పుడు గురక లేదు.

అన్నాళ్లూ ఆహారం రాగిజావ, వడకట్టిన పప్పుకట్టు, పల్చటి మజ్జిగ, నెయ్యేసి మిక్సీ పట్టిన కిచిడీ. తిన్న ప్రతిసారీ గోరువెచ్చని ఉప్పునీళ్లతో పుక్కిలించాలి.

దిల్‌సుఖ్‌నగర్ కమలానగర్‌లోని పాణినీయ దంత కళాశాలలోనూ, అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్యశాలలోనూ దవడ సర్జరీ విభాగాలున్నాయి. పిల్లలు గడ్డం మీద పడితే పసుపుతో సరిపెట్టకండి. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పడుతున్నాయో లేదో చూడండి. పట్టకపోతే వెంటనే చూపించండి.