సోమరి అనే ముందు

గ్రంథాలతో పని గల తెలుగు ఉపన్యాసకునికి గ్రంథులతో పనియేమి అని విద్యార్థులు నవ్వుకొనవచ్చు. ఆ పని కల్పించినది నా తొందరపాటే. కొన్నేళ్ల క్రిందట నా తరగతిలో ఒక విద్యార్థిని ప్రతి ఉదయమూ కునికిపాట్లు పడుతుండేది. పద్యం చదవమంటే గొంతు బొంగురు. ఎండాకాలంలోనూ చలి అని కొంగు నిండుగా కప్పుకొనేది. నలుగురిలో ఆమెను సోమరి అన్నాను. ఆమె కళాశాలకు రావడం మానివేసింది. థైరాయిడ్ లోపమని తరువాత తెలిసింది.

ఈ గ్రంథి కంఠం ముందు భాగాన సీతాకోకచిలుక వలె రెక్కలు చాచి ఉంటుంది. బరువు సుమారు 20 గ్రాములు. మన పారిభాషిక పదకర్తలు దీనిని ‘అవటు గ్రంథి’ అన్నారు. నిఘంటువులో చూస్తే అవటువు అనగా పెడతల! ముందున్నదానిని వెనుకకు నెట్టడం నాకు రుచించదు కనుక థైరాయిడ్ అనే అంటాను.

వినాళ గ్రంథులు తమ స్రావాలను నేరుగా రక్తంలో కలుపుతాయి. ఆ స్రావాలకు ‘హార్మోన్’ అనే పేరును 1905లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు స్టార్లింగ్ వాడుకలోకి తెచ్చాడు. థైరాయిడ్ ఇచ్చే థైరాక్సిన్, దేహం తన ఇంధనాన్ని ఎంత వేగంగా ఖర్చు చేయాలో నిర్దేశిస్తుంది. అది తగ్గినప్పుడు మెదడు అడుగున బఠానీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి టి.ఎస్.హెచ్. అనే హార్మోనును పంపి థైరాయిడ్‌ను తొందర చేస్తుంది. చాలినంత రాగానే తన ఆజ్ఞను తానే తగ్గించుకొంటుంది. (మన కార్యాలయాలలో ఇట్టి అధికారులు అరుదు.) థైరాయిడ్ చతికిలపడితే మాత్రం టి.ఎస్.హెచ్. పెరుగుతూనే పోతుంది. రక్తపరీక్షలో వైద్యులు చూచేది దానినే. ఇక మనిషిలో కనిపించేవి నిద్రమత్తు, మతిమరుపు, చలి, మందగమనం. వీనిలో మూడింటిని మనం సోమరితనమని సులభంగా అనగలం.

థైరాక్సిన్ తయారీకి అయోడిన్ కావాలి. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో అంత మాత్రమూ దొరకక గళగండం ప్రబలి ఉండేది. అక్కడ 1956లో ప్రారంభమైన ప్రయోగానికి ప్రముఖులు మన శ్రీకాకుళంలో జన్మించిన డాక్టర్ రామలింగస్వామి. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును అందించారు. ఉప్పు మారిన చోట్ల గళగండం తగ్గింది. 1962లో కేంద్ర ప్రభుత్వం జాతీయ గళగండ నియంత్రణ కార్యక్రమాన్ని చేపట్టింది.

అయితే ఉప్పుతో తీరని లోపమూ ఉన్నది. శరీరంలోని రక్షణ వ్యవస్థయే పొరబడి థైరాయిడ్‌ను దెబ్బతీయవచ్చు. దీనిని 1912లో జపాను వైద్యుడు హషిమోటో వర్ణించాడు. ఇది స్త్రీలలో అధికం. నా విద్యార్థినికి వచ్చినదీ ఇదే. పరగడుపున దినమూ ఒక చిన్న మాత్ర వేసుకొంటే కొన్ని వారాలలో తేడా తెలుస్తుంది.

కునుకు తీసే ప్రతివాడూ రోగి అని నా వాదం కాదు. రెండవ ఆట చూచి వచ్చినవానికి థైరాక్సిన్ ఏమి చేయగలదు? కానీ ‘శ్రద్ధ లేదు’ అని తల్లిదండ్రులకు ఉత్తరం వ్రాసే ముందు, ఒకసారి వైద్యునికి చూపించండి అని వ్రాయడానికి మనకు కష్టమేమి? ప్రవేశాల వేళ జరిపే ఆరోగ్య పరీక్షలో ఎత్తు, బరువులతో తృప్తిపడక, లక్షణాలు కనిపించిన వారికైనా ఈ రక్తపరీక్ష చేయించాలని కళాశాల కమిటీవారిని కోరుతున్నాను. ఖర్చు స్వల్పమే.

ఆ విద్యార్థిని మరుసటి ఏడు తిరిగి వచ్చి పరీక్షలు వ్రాసింది. నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే ఉపసంహరించుకొందామంటే, ఆనాటి ఆ నలుగురూ అప్పటికే కళాశాల విడిచి వెళ్లారు.