చేతిలోని పాఠం, రోగి నోటి మాట

కోలారు, బాగేపల్లి, పావగడ, హోసూరు ప్రాంతాల నుండి మన పిల్లలు నర్సింగు, ఫార్మసీ చదువులకై బెంగళూరు వస్తున్నారు. 2020 మార్చిలో కళాశాలలు మూతబడినప్పుడు వారి తరగతి గది ఫోనులోనికి మారింది. కళాశాలలు తెరచుకొన్నా ఫోనులోని పాఠం నిలిచిపోయింది. దీనిని భాషాహక్కుల దృష్టితో పరిశీలించవలసి ఉంది.

నాతో మాట్లాడిన విద్యార్థులు ఈ పాఠాన్ని మెచ్చుకోవడానికి కారణం సులభమైనదే. తరగతిలో ఇంగ్లీషు ఉపన్యాసం ఒక్కసారి వినిపించి పోతుంది. ఫోనులోనైతే ఆపి, వెనుకకు తిప్పి, అర్థమయ్యేవరకు వినవచ్చు. పల్లె బడిలో కన్నడంలోనో తెలుగులోనో చదివిన బిడ్డకు ఇది చిన్న మేలు కాదు. అయితే సూది వేయడం, నాడి చూడడం, పుండు కడిగి కట్టు కట్టడం తెర చూసి అలవడవని కూడా వారే అంటున్నారు. ఫోను ఆసుపత్రి శిక్షణకు తోడేగాని బదులు కాదు.

ఇక భాష. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన 'స్వయం'లో వైద్యసంబంధ పాఠాలు ప్రధానంగా ఇంగ్లీషులోనే ఉన్నాయి. మధ్యప్రదేశ్ 2022 అక్టోబరులో హిందీలో ఎం.బి.బి.ఎస్. పుస్తకాలు విడుదల చేసింది. పరీక్ష ఇంగ్లీషులోనే ఉండనీయండి. కాని ముళబాగిలు ముసలమ్మ "కడుపులో దేవుతోంది, కళ్లు తిరుగుతున్నాయి" అంటే ఆ మాటకు పాఠంలోని పదమేదో నర్సుకు తట్టాలి. ఆ వంతెన లేకపోతే నష్టపోయేది రోగి.

చట్టం సంగతి చూద్దాం. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం మాతృభాషా బోధనను ప్రాథమిక దశకే పరిమితం చేసింది. వృత్తివిద్యలో దానిపై ఆధారపడలేము. 30వ అధికరణం మాత్రం భాషా అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కునిచ్చింది. హాస్టలులో ఫోను వాడకంపై ఆంక్షల వివాదంలో కేరళ హైకోర్టు 2019 సెప్టెంబరులో, అంతర్జాల సౌకర్యం విద్యాహక్కులో, గోప్యతా హక్కులో భాగమని తీర్పు చెప్పింది. ఆ తీర్పు కర్ణాటక న్యాయస్థానాలకు శిరోధార్యం కాకపోయినా వాదనకు బలమిస్తుంది.

కనుక నా సూచనలు మూడు. రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం రోగలక్షణాల పదజాలాన్ని కన్నడ, తెలుగు, ఇంగ్లీషు భాషలలో చిన్న శబ్దపాఠాలుగా అందించాలి. అవి ఒకసారి దించుకొంటే సంకేతం అందని ఊరిలోనూ వినగలిగేలా ఉండాలి. మన తెలుగు సంఘాలు ఉత్సవాల ఖర్చులో కొంత ఈ పనికి మళ్లించాలి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఆడపిల్ల చేతిలో ఫోను కనబడగానే అనుమానించకండి. ఆమె వింటున్నది రేపు మీ పక్కనే నిలబడి చేయవలసిన చికిత్స కావచ్చు.