పెరటి యరుగు

ఇల్లు కట్టించునపుడు వీథియరుగుపై నుండు శ్రద్ధ పెరటియరుగుపై నుండదు. అది పురుషులు కూర్చుండునది గదా! మిగిలిన బండముక్కలతో మన యరుగును ముగింతురు. బియ్యమేరుట, కూరలు తరుగుట, పిల్లలకు అన్నము పెట్టుట జరుగునది మాత్రమిచ్చటనే.

18 అంగుళముల యెత్తున్న కాళ్లు క్రిందికి విడిచి సుఖముగా కూర్చుండవచ్చును. చాప పరచుటకు వెడల్పు 6 అడుగులైన నుండవలయును. అరుగు ఇంటినేలకన్న ఒక అంగుళము పల్లముగా నుండనిచో వాననీరు గడప దాటును. గోడనుండి పెరటివైపునకు గజమునకు అర అంగుళము వాలు పెట్టించుడు. మేస్త్రీ "అక్కరలేదమ్మా" యనును, ఊరకుండవలదు. బిందెడు నీళ్లు పోయించి, ఎచ్చటను నిలువలేదని చూచిన పిదపనే కూలి యిప్పింపుడు.

నల్లని కడపరాయి మధ్యాహ్నపుటెండలో పాదము మోపనీయదు. లేతరంగు తాండూరురాయి కొంత మేలు. ఏదైనను నునుపు చేసినది వలదు, తడిసిన జారును. అత్తగారి వయసువారు జారిపడి తుంటియెముక విరిగినచో కోలుకొనుటకు నెలలు పట్టును. మెట్లన్నియు 6 అంగుళముల చొప్పున సమముగా నుండి, ప్రక్కన చేయూతకు ఇనుపకమ్మి యుండవలెను.

అరుగు పడమటివైపున నున్నచో చిక్కుడుపందిరి వేయుడు. నీడయు కూరయు దొరకును.