గని లేని కొలిమి

అరకు వెళ్లే రైల్లో సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేరింతలు కొడతారు. కానీ ఆ పట్టాలు వేసింది పర్యాటకుల కోసం కాదు... ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ చేర్చి, జపాన్‌కు ఎగుమతి చేయడానికి! ఆ దేశ సహకారంతోనే 1960ల్లో కొత్తవలస-కిరండూల్ మార్గం సిద్ధమైంది.

విశాఖ ఎదిగిన కథంతా ఖనిజం చుట్టూనే తిరుగుతుంది. 1933లో ఓడరేవు తెరుచుకోవడానికి ముఖ్య కారణం మధ్య భారతంలోని మాంగనీసు. తర్వాత ఓడలు కట్టే యార్డు వచ్చింది. అక్కడ తయారైన 'జల ఉష'ను 1948లో నెహ్రూ జలప్రవేశం చేయించారు. 1957లో చమురుశుద్ధి కర్మాగారం మొదలైంది. లక్ష టన్నుల ఓడలొచ్చి ఖనిజం నింపుకొని వెళ్లేందుకు 1976లో ఔటర్ హార్బర్ అందుబాటులోకి వచ్చింది.

మన ముంగిట్లోంచి పోయే ఖనిజాన్ని ఇక్కడే ఎందుకు కరిగించకూడదు? 'విశాఖ ఉక్కు-ఆంధ్రుల హక్కు' నినాదంతో 1966లో రాష్ట్రం అట్టుడికింది. 32 మంది ప్రాణాలు పోయాయి. 1971లో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేస్తే, ఫ్యాక్టరీ జాతికి అంకితమైంది 1992లో! ఎన్నో పల్లెలు దానికోసం భూములిచ్చాయి. మూడు బ్లాస్ట్ ఫర్నేస్‌లకూ గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నారు.

అన్నీ ఇచ్చారుగానీ, సొంత ఇనుప గని ఒక్కటి ఇవ్వలేదు. టాటా స్టీల్‌కూ, సెయిల్‌కూ సొంత గనులున్నాయి. విశాఖ ఉక్కు మాత్రం ఎన్‌ఎండీసీ దగ్గర కొనుక్కోవాలి. కోకింగ్ బొగ్గు చాలావరకు విదేశాల నుంచి రావాలి. ఉక్కు ధర బాగున్నప్పుడు ఈ తేడా కనిపించదు. ధర పడిపోయినప్పుడే అసలు కష్టం. సొంత బావి ఉన్న ఇంటికీ, బిందెల లెక్కన నీళ్లు కొనే ఇంటికీ ఎండాకాలం ఒకేలా ఉండదుగా!

నష్టాలూ అప్పులూ పెరిగాయి. 2021 జనవరిలో సంస్థలో నూరు శాతం వాటా అమ్మకానికి కేంద్రం ఆమోదం తెలిపింది. కార్మికులు కుటుంబాలతో సహా వీధుల్లోకి వచ్చారు. 2025 జనవరిలో అదే కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది.

ఆ డబ్బు పాత అప్పుల బరువు తగ్గించవచ్చు, ఆగిన కొలిమిని రాజేయవచ్చు. కానీ కొలిమికి రోజూ మేత కావాలి. అది సొంత గని నుంచి రానంతకాలం, లాభనష్టాల లెక్క ఎదుటివాడి ధర మీదే ఆధారపడి ఉంటుంది. కార్మికులు ఏళ్ల తరబడి గని అడుగుతున్నది అందుకే.