నల్ల పొడి పట్నానికి, బురద ఊరికి

2047 కల్లా లక్ష మెగావాట్ల అణు కరెంటు తీస్తమని కేంద్రం 2025 బడ్జెట్ల చెప్పింది. అప్పటికి ఉన్నది తొమ్మిది వేల లోపే. అంటే యురేనియం ఇంకా చానా కావాలె. రేపో మాపో నల్లమల మాట మల్ల లేవకుంట ఉండదు. తమ్ముళ్లు, చెల్లెండ్లు, ముందుగాల ఆ సరుకేందో ఎరుక చేసుకోండ్రి.

మన కరెంటు రియాక్టర్లల్ల వేసేది యురేనియం లోహం కాదు, యురేనియం డయాక్సైడ్. నల్లటి పొడి. ఇనుము 1538 డిగ్రీలకే కరుగుతది, ఇది 2800 దాటితే గాని కరగది. తయారీ హైదరాబాద్ల, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌ల. గని కాడికెల్లి వచ్చిన పసుపు ముద్దను నైట్రిక్ యాసిడ్ల కరిగించి శుద్ధి చేస్తరు. అమ్మోనియా కలిపితే పసుపు మడ్డి అడుక్కు దిగుతది. దాన్ని కాల్చి, హైడ్రోజన్ల వేడి చేస్తే ఎక్కువున్న ఆక్సిజన్ పోయి నల్లపొడి మిగులుతది. చిన్న చిన్న బిళ్లలుగ నొక్కి, 1700 డిగ్రీల దాకా కాల్చి, జిర్కోనియం గొట్టాలల్ల పెట్టి సీలు వేస్తరు.

వాట్సాప్‌ల తిరిగినట్టు ముట్టుకుంటే మాడిపోయే సరుకు కాదది. దాని ఆల్ఫా కిరణాలు తోలు దాటవు. దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకు, యురేనియం కలిసిన నీళ్లు తాగితే కిడ్నీలకు ముప్పు. ఉత్త భయం చెప్పి కొట్లాడితే అవతలోడు ఒక్క లెక్కతోని మన నోరు మూయిస్తడు.

అసలు లెక్క గని కాడ ఉన్నది. కడప జిల్లా తుమ్మలపల్లెల టన్ను రాయి పిండి చేస్తే అరకిలో యురేనియం కూడ రాదు. మిగిలిందంత బురదై చెరువుల పడుతది. రేడియం, థోరియం దాంట్లనే ఉంటయి. రాయిల ఉన్న రేడియోధార్మికతల నూటికి 85 పాళ్ల దాకా ఆ బురదలనే మిగులుతది. అండ్ల ఒక రకం థోరియం సగం తగ్గాలంటేనే 75 వేల ఏండ్లు. చెరువు కట్ట ఎన్నేండ్లు నిలుస్తది? బోర్లు పాడైనయని, అరటి తోటలు దెబ్బతిన్నయని అక్కడి రైతులు ఏండ్ల సంది మొత్తుకుంటున్నరు.

2019ల అమ్రాబాద్ పులుల అడవిల 83 చదరపు కిలోమీటర్ల యురేనియం వెతుకులాటకు కేంద్రం అటవీ కమిటీ సూత్రప్రాయంగ సరేనన్నది. చెంచులు, ఊర్లు ఎదురు తిరిగినయి. సెప్టెంబర్ల తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. కానీ అణు ఖనిజాల పెత్తనం కేంద్రం చేతిల ఉన్నది. తీర్మానాన్ని నమ్ముకొని పండుకుంటే కాదు.

గ్రామసభకు సార్లు వస్తే బురద చెరువు ఏ సర్వే నంబర్ల తవ్వుతరో, అడుగుల ఏం పరుస్తరో కాయితం మీద రాసియ్యమనుండ్రి. మీ బోరు నీళ్లు మాత్రం ఇప్పుడే పరీక్ష చేయించి రిపోర్టు దాచుకోండ్రి. లేకుంటే రేపు, మీ నీళ్లు ముందు సంది గిట్లనే ఉండె అంటరు.