బొమ్మ గీయకముందే బోల్టు వెతకండి

గోదావరిఖని విద్యార్థులకు డంపరును పరిచయం చేయనక్కర లేదు. ఓపెన్‌కాస్టు గని అంచున నిలబడితే లోపల బారులు తీరి కనిపిస్తాయి. మిగతా ఊళ్ళ వారి కోసం చెబుతున్నాను. డంపరు మామూలు లారీ కాదు. ఒక్కొక్కటి 60 టన్నులో, 100 టన్నులో బరువు మోస్తుంది. పెద్ద డంపరు చక్రం పక్కన నిలబడితే మనిషి తల చక్రం అంచుకు అందదు. షావల్ కుమ్మరించిన రాళ్ళూ మట్టీ మోసుకుంటూ, గుంతల బాట మీద అది పైకెక్కుతుంది. మరి అంత బరువు ఎగిరెగిరి పడుతుంటే నడిపేవాడి నడుము ఏమవుతుంది?

ఏమీ కాకుండా చూసే ఏర్పాటు ఒకటి ఉంది. పెద్ద డంపర్లలో లారీకి ఉండే కమాను కట్టల బదులు లావుపాటి గొట్టాలుంటాయి. వాటిలో నూనె, నత్రజని వాయువు నింపుతారు. చక్రం రాయి ఎక్కగానే వాయువు నొక్కుకుపోయి స్ప్రింగులా పని చేస్తుంది. నూనె సన్నని రంధ్రాల గుండా దూరుతూ ఆ ఊపును వేడిగా మార్చేస్తుంది. ఒక్క స్ప్రింగే ఉంటే బండి ఊగుతూనే ఉంటుంది. నూనె ఆ ఊగుడును ఆపుతుంది. స్ప్రింగు ఒకటి, ఊపును చంపేది ఒకటి - ఈ రెండూ కలిస్తేనే సస్పెన్షను.

ఇదే సూత్రం ఒక చిన్న కారులో కూడా ఉంది. అది ఇంజనీరింగు విద్యార్థులు తమ చేతులతో తయారు చేసే రేసు కారు. ఇలాంటి కార్ల పోటీ 1981లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో మొదలై అనేక దేశాలకు పాకింది. మన దేశంలో ‘ఫార్ములా భారత్’ అనే పోటీ కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వేలో జరుగుతూ వస్తోంది. కారు గీయడం, చేయడం, నడపడం అన్నీ విద్యార్థులవే. వేగమొక్కటే చూడరు. డిజైను ఎందుకలా చేశారో చెప్పాలి. ఖర్చు లెక్క చూపాలి. చివరికి సుమారు 22 కిలోమీటర్ల దూరం పరుగెత్తించాలి.

పదో తరగతి చదివే మీకు ఈ సంగతి ఇప్పుడెందుకు? మూడు నాలుగేళ్ళలో మీలో కొందరు ఇలాంటి జట్లలో ఉంటారు. అప్పుడు మీకు ఎదురయ్యే అసలు పరీక్ష లెక్కల పుస్తకంలో ఉండదు, సామాను దుకాణంలో ఉంటుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కారు బొమ్మ గీయకముందే ఏ సామాను ఎక్కడ, ఎన్నాళ్ళకు దొరుకుతుందో తెలుసుకోవాలి. గడువు ముంచుకొచ్చాక దొరకని సామాను బదులు ఏదో ఒకటి బిగించి స్నేహితుణ్ణి అందులో కూర్చోబెట్టే హక్కు ఎవరికీ లేదు.

మీరే ఆ జట్టులో ఉన్నారనుకోండి. సస్పెన్షను బాధ్యత మీది. మీ షెడ్డు రామగుండం ప్రాంతంలోనే ఉంది. పోటీకి ఇంకా పన్నెండు రోజులే. ఫ్రేము వెల్డింగు అయిపోయింది. మోటారు సైకిలు ఇంజను కూర్చుంది. చక్రాలు మాత్రం గోడకు ఆనించి ఉన్నాయి, కారు ఇటుకల మీద నిలబడి ఉంది. ఎందుకంటే షాక్ అబ్జార్బర్లు రాలేదు. కొండల మీద తొక్కే సైకిళ్ళ కోసం చేసిన చిన్న షాక్ అబ్జార్బర్లను చాలా జట్లు వాడతాయి. మీరూ అవే విదేశం నుంచి తెప్పిస్తున్నారు. డబ్బు ఆలస్యంగా చేతికొచ్చింది. పెట్టె ఎక్కడో కస్టమ్సులో ఉంది. బిగించే బోల్టులు కూడా ఇంకా కొనలేదు. హైదరాబాదు రాణిగంజ్ బజారుకు వెళ్తే దొరుకుతాయి గానీ, వెళ్ళి రావడానికి రోజు పడుతుంది.

అప్పుడు ఒక మిత్రుడు అంటాడు: “చౌరస్తాలో మోటారు సైకిలు షాక్ అబ్జార్బర్లు ఉన్నాయిగా. అవే పెట్టేద్దాం.”

పెట్టకూడదా? తొందరపడి కాదనకండి, ఔననకండి. లెక్క చూడండి. ఒక్కో చక్రం దగ్గర స్ప్రింగు మోసే ద్రవ్యరాశి 55 కిలోగ్రాములు అనుకుందాం. చక్రం దగ్గర కొలిస్తే స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకు 20 న్యూటన్లు ఉండాలని మీరు డిజైను చేశారు. అంటే మీటరుకు 20,000. దీన్ని 55తో భాగించి, వర్గమూలం తీసి, 6.28తో భాగిస్తే 3 వస్తుంది. కారు సెకనుకు సుమారు 3 సార్లు ఊగుతుందన్న మాట. మామూలు కార్లలో ఇది 1 నుంచి 1.5 వరకు ఉంటుంది. రేసు కారు గట్టిగా ఉండాలి కాబట్టి మీది ఎక్కువ.

ఇప్పుడు దుకాణంలో కొన్న స్ప్రింగు గట్టిదనం ఇందులో సగమే అనుకోండి. ఊగడం సెకనుకు 2 సార్లకు కాస్త పైన ఉంటుంది. అది పెద్ద ప్రమాదం కాదనిపిస్తుంది. కానీ ఇంకొకటి చూడండి. 55 కిలోగ్రాముల బరువు 539 న్యూటన్లు. మొదటి స్ప్రింగు మీద కారు నిలబడినప్పుడే 27 మిల్లీమీటర్లు దిగుతుంది. రెండో దాని మీద 54 మిల్లీమీటర్లు దిగుతుంది. అంటే కారు అనుకున్న దానికన్నా 27 మిల్లీమీటర్లు కిందికి వచ్చేసింది. ఇలాంటి కార్ల అడుగుకూ నేలకూ మధ్య ఉండే ఎడమే కొద్ది వేళ్ళ మందం! పోటీ నియమం ప్రకారం డ్రైవరు కూర్చున్నాక చక్రం పైకీ కిందికీ కలిపి కనీసం 50 మిల్లీమీటర్లు కదలాలి, అందులో పైకి కనీసం 25 ఉండాలి. స్ప్రింగును ముందుగా బిగించి ఎత్తు సరిచేయవచ్చు. మెత్తదనం మాత్రం పోదు. మలుపులో కారు ఎక్కువగా ఒరుగుతుంది.

కాబట్టి జవాబు ఇది: మోటారు సైకిలు షాక్ అబ్జార్బరు పెట్టవచ్చు, కొలిచి పెట్టాలి. కొలవడం మీ తొమ్మిదో తరగతి ప్రయోగమంత తేలిక. తెలిసిన బరువు పెట్టండి, ఎంత కుంగిందో స్కేలుతో చూడండి. మళ్ళీ బరువు పెంచి చూడండి. బరువును కుంగిన దూరంతో భాగించండి. ఆ తరువాత చక్రం దగ్గరి లెక్కంతా మొదటి నుంచి చేయండి. బిగించే చోటు మార్చాల్సి వస్తే మార్చండి. పన్నెండు రోజుల్లో ఇది సాధ్యమే.

మరో మిత్రుడి సలహా దీనికన్నా ప్రమాదకరం. “బోల్టుల కోసం హైదరాబాదు ఎందుకు? ఇక్కడ దొరికినవి బిగిద్దాం. బోల్టు బోల్టే కదా!”

బోల్టు బోల్టే కాదు. మంచి బోల్టు తల మీద 8.8 అని అంకెలుంటాయి. మొదటి 8 అంటే దాని లోహం చదరపు మిల్లీమీటరుకు సుమారు 800 న్యూటన్ల లాగుడు వరకు తెగకుండా తట్టుకుంటుంది. చుక్క తరువాతి 8 అంటే అందులో పదింట ఎనిమిది వంతుల వరకు శాశ్వతంగా సాగకుండా ఉంటుంది. అంటే 640. మామూలు ఇనుప బోల్టు 4.6 తరగతిది కావచ్చు. దాని మరల దగ్గర సాగడం 240 దగ్గరే మొదలవుతుంది. 8 మిల్లీమీటర్ల బోల్టుకు మరల దగ్గర బరువు మోసే వైశాల్యం 36.6 చదరపు మిల్లీమీటర్లు. 8.8 బోల్టును నిలువుగా లాగితే సుమారు మూడు టన్నుల దాకా ఓర్చుతుంది. 4.6 బోల్టు ఒకటిన్నర టన్నుకే తెగుతుంది. పక్కపక్కన పెడితే రెండూ ఒకేలా మెరుస్తాయి. ధరలో తేడా కొద్ది రూపాయలే.

అందుకే పోటీ నియమాలు సస్పెన్షను, స్టీరింగు, బ్రేకుల వంటి కీలకమైన చోట్ల కనీసం 8.8 తరగతి బోల్టులే వాడాలంటాయి. కుదుపులకు నట్టు ఊడిపోకుండా నైలాను నట్టో, పిన్నో, తీగ కట్టో ఉండాలంటాయి. నట్టు బిగించాక కనీసం రెండు మరలు బయటికి కనబడాలంటాయి. ఇవి అధికారుల ఛాదస్తం కావు.

“మైదానంలో రెండు రౌండ్లు తిప్పి చూశాం, ఏమీ కాలేదు” అంటారు కొందరు. ఇనుప తీగను ఒకసారి వంచితే విరగదు. పది సార్లు అటూ ఇటూ వంచండి, పుటుక్కున విరుగుతుంది. లోహం కూడా అలసిపోతుంది. 22 కిలోమీటర్ల దారిలో ప్రతి మలుపూ, ప్రతి బ్రేకూ ఆ బోల్టును అటూ ఇటూ లాగుతూనే ఉంటాయి. మొదటి రౌండులో నిలిచినది చివరి రౌండులో నిలుస్తుందన్న హామీ ఏదీ లేదు.

“దొరికిన దానితో పని జరుపుకోవడం మనవాళ్ళ తెలివి కదా, దాన్ని తప్పంటారా?” అని మీరు అడగవచ్చు. తప్పనను. ఆ తెలివి అంటే నాకు గౌరవం. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ 1980ల చివరి సంవత్సరాల్లో రేసు కార్లు తయారు చేశారు. ఆయన విదేశీ రేసు ఇంజను కోసం ఎదురు చూస్తూ కూర్చోలేదు. ఊరూరా దొరికే మారుతి 800 ఇంజనుతోనే కారు చేశారు. ఎందరో యువకులు ఆ కార్లలో పందెం నేర్చుకున్నారు. 1995లో విమాన ప్రమాదంలో ఆయన మరణించారు. కరి ట్రాకు పేరు ఆయన జ్ఞాపకార్థం పెట్టినదే. ఆయన చేసిన పనిని జాగ్రత్తగా గమనించండి. దొరికే వస్తువును ముందే ఎంచుకుని, దానికి తగినట్టుగా కారును చేశారు. కారు అంతా చేసి, ఆఖరి రాత్రి దొరికిన దాన్ని ఇరికించడం వేరే పని. పైకి రెండూ ఒకేలా కనిపించినా మొదటిది ఇంజనీరింగు, రెండోది జూదం.

ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడ గీయాలి? ఒక్క ప్రశ్న వేసుకోండి. ‘ఈ భాగం విరిగితే కారు ఆగుతుందా, మనిషికి దెబ్బ తగులుతుందా?’ సీటు మీది గుడ్డ, రంగు, సైలెన్సరు పట్టీ - ఇవి పాడైతే కారు ఆగుతుంది, లేదా నవ్వులపాలవుతాం. ఇక్కడ మీ తెలివినంతా చూపించండి. చక్రాన్ని పట్టుకునే చేతులు, వాటి కీళ్ళు, బోల్టులు, స్టీరింగు, బ్రేకులు - ఇవి విరిగితే లోపలున్న మీ స్నేహితుడు గోడను ఢీకొంటాడు. ఇక్కడ సర్దుబాటు పనికిరాదు.

బొగ్గు బాయిలోకి దిగే మనిషికి ఈ సంగతి బాగా తెలుసు. టోపీకి పెట్టుకునే దీపమైనా సరే, గనుల భద్రతా శాఖ ఆమోదం పొందినదే లోపలికి తీసుకుపోవాలి. బజారులో అంతకన్నా ఎక్కువ వెలుగిచ్చే టార్చి దొరకవచ్చు. కానీ లోపల మీథేను ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. ‘ఈ షిఫ్టుకు మాత్రం’ అనే మాట అక్కడ చెల్లదు.

గని నుంచి నేర్చుకోవలసినది ఇంకొకటి కూడా ఉంది. మీ బాపో, బాబాయో వర్కుషాపులో ఫిట్టరు అయితే అడిగి చూడండి. యంత్రం ఆగాక బేరింగు వెతకడం మొదలుపెడితే పని సాగదంటారు. అరిగిపోయే భాగాల పట్టిక ముందే ఉంటుంది. కావలసినది ముందే ఇండెంటు రాస్తారు. స్టోర్సులో ఎన్ని మిగిలాయో లెక్క ఉంటుంది. విద్యార్థుల జట్టుకూ ఇలాంటి పుస్తకం ఒకటి ఉండాలి. ఒక్కో భాగం ఎదుట నాలుగు గడులు చాలు: ఎక్కడ దొరుకుతుంది, ఎన్నాళ్ళు పడుతుంది, రాకపోతే బదులు ఏది, ఆ బదులు కోసం డిజైనులో ఏం మారాలి. నాలుగో గడి నింపలేని భాగాన్ని అందరికన్నా ముందు కొనాలి.

పెద్దలకూ ఒక మాట. పోటీ ముందు నెలలో డబ్బు ఇచ్చి, కప్పు తెమ్మని పంపడం న్యాయం కాదు. భాగాలు కొనవలసిన రోజున ఇవ్వాలి. ఒక జట్టు “మా కారు సురక్షితంగా లేదు, ఈసారి ట్రాకు ఎక్కించం” అని చెబితే దాన్ని ఓటమిగా లెక్కించకూడదు. కారు పరుగెత్తకపోయినా డిజైను గురించీ ఖర్చు గురించీ మాట్లాడే అవకాశం పోటీలో ఉంటుంది. ఏ బోల్టు దొరకలేదో, ఎందుకు ఆగామో నిజాయితీగా చెప్పగలిగిన జట్టు మంచి ఇంజనీర్ల జట్టు అని నేను అనుకుంటాను. మరుసటి ఏడు మళ్ళీ పోటీ వస్తుంది. విరిగిన వెన్నెముకకు బదులు భాగం ఏ బజారులోనూ దొరకదు.

ఈ ఆదివారం ఒక చిన్న పని చేయండి. ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న మోటారు సైకిలు దగ్గర కూర్చుని, దాని బోల్టుల తలలను గుడ్డతో తుడిచి చూడండి. ఎన్నింటి మీద అంకెలున్నాయి? ఏ చోట ఉన్న వాటి మీద 8.8 గానీ, అంతకన్నా పెద్ద అంకె గానీ ఉంది? ఏ నట్టుకు లోపల నైలాను వలయం ఉంది? కాగితం మీద రాసుకోండి. మీ మొదటి డిజైను పాఠం మొదలైనట్టే.